ఇకారస్ పడినప్పుడు ఎవరు చూశారు?

సభలో ఉన్న పెద్దలకీ, సాహిత్యం చదువుకుంటున్న, బొమ్మలు వేస్తున్న పిల్లలకీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క కథ గురించి మాట్లాడతాను. గ్రీకుల కథ. తండ్రి డీడలస్ రెక్కలు చేశాడు, కొడుకు ఇకారస్ ఎగిరాడు, ఎండకి మైనం కరిగింది, సముద్రంలో పడ్డాడు. కథ ఇంతే. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంత చిన్న కథని కవులూ చిత్రకారులూ రెండు వేల ఏళ్లుగా వదిలిపెట్టడం లేదు. ఎవరు చెప్పినా ఆ కుర్రాడు పడిపోతూనే ఉన్నాడు, అందులో మార్పు లేదు. మారుతున్నదల్లా చూసేవాళ్లు. పడుతున్నప్పుడు ఎవరు చూశారు, ఎక్కణ్ణుంచి చూశారు, చూసి ఏం చేశారు? ఆ ఒక్కటీ మార్చినప్పుడల్లా కథకి కొత్త అర్థం పుట్టింది. ఒక మనిషి కల కూలిపోయినప్పుడు దాన్ని పొగరు అనాలా, సాహసం అనాలా, అసలు పట్టించుకోవాలా వద్దా అన్నది తేల్చేది పక్కన నిలబడ్డవాళ్లేనని నా నమ్మకం. అందుకే ఇవాళ ఇకారస్ కంటే ఎక్కువగా ఆ పక్కవాళ్లనే చూపిస్తాను.

ముందు ఓవిడ్ దగ్గరికి వెళ్దాం. రోమన్ కవి, లాటిన్‌లో రాశాడు. క్రీ.శ. 8 నాటికి 'మెటమార్ఫోసెస్' అనే పెద్ద కావ్యం దాదాపు పూర్తిచేశాడు. ఆ ఏడే అగస్టస్ చక్రవర్తి ఆయన్ని నల్లసముద్రం ఒడ్డున ఉన్న టోమిస్ అనే ఊరికి వెళ్లగొట్టాడు. మళ్లీ రోమ్ చూడకుండానే అక్కడే పోయాడు. ఆ కావ్యంలో ఎనిమిదో భాగంలో మన కథ వస్తుంది. డీడలస్ ఏథెన్స్ నుంచి వచ్చిన శిల్పి. చేతిపనిలో ఆయన్ని మించినవాడు లేడు. క్రీట్ ద్వీపంలో మైనోస్ రాజు దగ్గర ఇరుక్కుపోయాడు. నేలా రాజుదే, సముద్రమూ రాజుదే. ఆకాశం మాత్రం ఆయనది కాదుగా అనుకున్నాడు డీడలస్.

రెక్కలు చేసే ఘట్టాన్ని ఓవిడ్ పక్కన కూర్చుని చూసినట్టు రాస్తాడు. చిన్న ఈక నుంచి పెద్ద ఈక దాకా వరసగా పేర్చడం, నడిమిన దారంతో కట్టడం, మొదట్లో మైనంతో అతికించడం, పక్షి రెక్కలా ఉండేలా కాస్త వంచడం. పక్కనే కొడుకు. గాలికి ఎగిరే ఈకల్ని పట్టుకోబోతున్నాడు, పసుపచ్చటి మైనాన్ని బొటనవేలితో నొక్కి మెత్తబరుస్తున్నాడు, నవ్వుతున్నాడు, తండ్రి పనికి అడ్డం పడుతున్నాడు. తన ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువుతోనే ఆడుకుంటున్నానని వాడికి తెలియదు. ఆ మాట కవి అక్కడే, ఆటల మధ్యలోనే చెప్పేస్తాడు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ మైనం అంటిన బొటనవేలు. తర్వాత జరిగేదంతా పెద్ద పెద్ద విషయాలు, సూర్యుడూ సముద్రమూ. ఇక్కడ మాత్రం ఒక పిల్లవాడు, వాడి ఆట.

ఎగిరే ముందు తండ్రి జాగ్రత్తలు చెబుతాడు. మధ్యగా ఎగురు. మరీ కిందికి దిగితే నీటి తడికి రెక్కలు బరువెక్కుతాయి, మరీ పైకి పోతే ఎండకి కాలిపోతాయి. నా వెనకే రా. ఇది చెబుతూనే రెక్కలు కడుతుంటే ఆయన చెంపలు తడిశాయి, చేతులు వణికాయి. కొడుకుని ముద్దు పెట్టుకున్నాడు. గమనించండి, ఆయన రెండు ప్రమాదాలు చెప్పాడు. తర్వాతివాళ్లు రెండోదాన్నే పట్టుకుని మొదటిది మర్చిపోయారు. కిందకి దిగినా చచ్చిపోతావని ఆ తండ్రి చెప్పిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్లిద్దరూ గాల్లో పోతుంటే కింద ముగ్గురు చూశారు. గాలం వేస్తున్న జాలరి, కర్ర మీద ఆనుకున్న గొర్రెల కాపరి, మేడి పట్టిన రైతు. ముగ్గురూ నోట మాట రాక నిలబడిపోయారు. ఆకాశంలో తిరగగలుగుతున్నారంటే వీళ్లు దేవుళ్లే అయి ఉండాలనుకున్నారు. ఆ తర్వాత కుర్రాడికి ఎగరడంలో ఉన్న ఆనందం తెలిసింది. తండ్రి వెనక పోవడం మాని పైకి పోయాడు. మైనం కరిగింది. చేతులు ఆడిస్తున్నాడు గానీ వాటికి ఈకలు లేవు. తండ్రి వెనక్కి తిరిగి పిలిచాడు. ఇకారస్, ఇకారస్, ఎక్కడున్నావురా? నీళ్ల మీద ఈకలు కనిపించాయి. తన విద్యని తానే తిట్టుకున్నాడు. శవాన్ని దగ్గర్లోని ద్వీపంలో పూడ్చిపెట్టాడు. ఆ ద్వీపం పేరు ఇకారియా. ఇప్పటికీ అదే పేరు.

ఓవిడ్ కథలో చూసినవాళ్లంతా ఎగరడాన్నే చూశారు. ఆ ముగ్గురూ చూసింది ఎగురుతున్న మనుషుల్ని. పడడం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు కథలో లేరు. తండ్రి కూడా చూడలేదు, ముందు పోతున్నాడు కాబట్టి. తిరిగి చూసేసరికి ఈకలే మిగిలాయి.

తర్వాత చాలా కాలం ఇకారస్ ఒక నీతికథగా బతికాడు. 1531లో ఆండ్రియా అల్చాటో అనే ఇటాలియన్ పండితుడి నీతిచిత్రాల పుస్తకం వచ్చింది. అందులో ఒక్కో బొమ్మకి ఒక్కో పద్యం ఉంటుంది. ఇకారస్ బొమ్మని ఆయన జ్యోతిష్కులకి హెచ్చరికగా వాడుకున్నాడు. నక్షత్రాల రహస్యాలు తెలుసని మిడిసిపడితే ఇదే గతి అని. మన దగ్గర 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా' అనేవాళ్లు ఎలాంటి చూపుతో చూస్తారో, అదే చూపు. ఈ చూపు ఇంకా పోలేదు. దీని గురించి నేను ఎక్కువసేపు మాట్లాడను. ఒకరి కష్టాన్ని పాఠంగా మార్చేస్తే ఇక ఆ మనిషి కనిపించడు.

లైట్లు కొంచెం తగ్గిస్తారా? థాంక్స్. ఈ బొమ్మ చూడండి.

ఇది బ్రసెల్స్‌లో బెల్జియం రాయల్ మ్యూజియంలో ఉంది. 1912లో కొన్నారు. వెడల్పు మీటరుకి కొంచెం పైన, ఎత్తు ముప్పావు మీటరు. పదహారో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ పేరు మీద ప్రసిద్ధి. ఆయన 1560 ప్రాంతంలో వేసిన మూలచిత్రం పోయిందనీ, ఇది దానికి ఇంకెవరో వేసిన నకలు అయి ఉండొచ్చనీ చాలామంది నిపుణులు ఇప్పుడు అంటున్నారు. అయినా ఇంత చిత్రమైన ఆలోచన బ్రూగెల్‌దేనని నాకూ అనిపిస్తుంది.

మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది? ఎర్రచేతుల చొక్కా వేసుకున్న ఆ రైతు మీదకి. గుర్రం కట్టిన నాగలి, మడతలు మడతలుగా లేస్తున్న చాళ్లు, తల వంచుకుని అడుగు చూసుకుంటూ నడుస్తున్న మనిషి. ఆ తర్వాత కింద గొర్రెలు, కాపరి, కుక్క. ఆ తర్వాత తెరచాపలు పొంగిన ఓడ, పచ్చటి సముద్రం, దూరంగా తెల్లటి కొండలు, నగరం. మరి ఇకారస్? కుడి పక్క కింద, ఓడకీ ఒడ్డుకీ మధ్య చూడండి. రెండు కాళ్లు. నీళ్లలోంచి పైకి లేచిన రెండు తెల్లటి కాళ్లు, కొంచెం నురగ, చుట్టూ నాలుగు ఈకలు. అంతే. బొమ్మ పేరులో అతను ఉన్నాడు, బొమ్మలో అరచేయంత చోటు కూడా లేదు.

ఓవిడ్ చెప్పిన ముగ్గుర్నీ బ్రూగెల్ తీసుకొచ్చాడు. చదివే వేశాడన్నమాట. కానీ ముగ్గురి చూపూ తిప్పేశాడు. రైతు నేల చూస్తున్నాడు. జాలరి నాలుగైదు బారల దూరంలోనే కూర్చున్నాడు, తన గాలం తను చూసుకుంటున్నాడు. కాపరి ఒక్కడే తలెత్తి పైకి చూస్తున్నాడు, కానీ కుర్రాడు పడిన సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. అతను చూస్తున్న ఆకాశంలో ఏమీ లేదు. బ్రసెల్స్‌లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో ఇదే బొమ్మకి ఇంకో ప్రతి ఉంది. అందులో ఆకాశంలో డీడలస్ ఎగురుతూ కనిపిస్తాడు, కాపరి చూపుకి అర్థం కుదురుతుంది. ఇందులో తండ్రే లేడు. తండ్రి లేకపోవడంతో ఈ బొమ్మలో ఇకారస్ కోసం వెతికేవాళ్లు ఒక్కరూ లేకుండా పోయారు.

ఇంకో వింత. సూర్యుడు చూడండి, దిగంతం మీద సగం కనిపిస్తున్నాడు. మైనం కరిగించే వేడి ఆ సూర్యుడికి లేదు. ఇంకా దగ్గరగా చూస్తే ఎడమ పక్క పొదల్లో పాలిపోయిన ఒక తల కనిపిస్తుంది. శవం. దాన్నీ ఎవరూ చూడలేదు. ఆ కాలంలో ఫ్లెమిష్ భాషలో ఒక సామెత ఉండేది: మనిషి చచ్చిపోతున్నాడని నాగలి ఆగదు. బ్రూగెల్ సామెతలంటే ప్రాణం పెట్టే చిత్రకారుడు. ఒక్క బొమ్మలోనే వంద దాకా సామెతలు దట్టించినవాడు. ఈ సామెతని ఆయన గుర్తు పెట్టుకునే ఆ తల అక్కడ పెట్టాడని చాలామంది అనుకుంటారు.

ఈ రైతుని రాతిగుండెవాడు అనడం తేలిక. నాకు అతని మీద కోపం రాదు. అదును తప్పితే ఏడాది పంట పోతుంది, ఇది తెలిసిన మనుషుల మధ్యే మనమంతా పెరిగాం. బ్రూగెల్ అతన్ని ఎంత శ్రద్ధగా వేశాడో చూడండి, అడుగు పడే తీరు, మడమ దగ్గర బట్ట ముడత. ఎగతాళి చేయాలనుకున్న మనిషిని ఎవరూ అంత ప్రేమగా వేయరు. రైతుకీ అన్యాయం చేయలేదు, కుర్రాడికీ అన్యాయం చేయలేదు. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు భయం వేసేది అక్కడే.

ఇప్పుడు 1938 డిసెంబరు. ఆంగ్ల కవి ఆడెన్ బ్రసెల్స్‌లో ఉన్నాడు. వయసు ముప్పై ఒకటి. ఆ ఏడాది మొదట్లో స్నేహితుడు ఇషర్‌వుడ్‌తో కలిసి చైనా వెళ్లి జపాన్ దాడిని కళ్లారా చూసి వచ్చాడు. సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం జరిగింది, చెకోస్లొవేకియాలో ఒక ముక్కని హిట్లర్ చేతిలో పెట్టారు. నవంబరులో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు. యూరప్‌లో మిగతావాళ్లు పొద్దున లేచి కాఫీ తాగి పనులకి పోతున్నారు. ఆ రోజుల్లో ఆయన ఈ మ్యూజియంలోకి నడిచి, బయటికి వచ్చి, 21 పాదాల కవిత రాశాడు. పేరు 'మ్యూజే దె బోజార్', అంటే లలితకళల మ్యూజియం.

అది ఇకారస్‌తో మొదలుకాదు. బాధ గురించి ఆ పాత చిత్రకారులు ఎప్పుడూ పొరబడలేదు అని, తీరిగ్గా మాట్లాడే గొంతుతో మొదలవుతుంది. ఒకరు బాధపడుతున్నప్పుడు ఇంకొకరు అన్నం తింటుంటారు, కిటికీ తెరుస్తుంటారు, ఊరికే నడిచిపోతుంటారు. పెద్దలు ఒక మహత్తరమైన జననం కోసం భక్తితో ఎదురుచూస్తుంటే, అది జరిగినా జరగకపోయినా ఒకటే అన్నట్టు పిల్లలు చెరువు మీద మంచులో జారుతూ ఆడుకుంటుంటారు. హింసించేవాడి గుర్రం పాపం ఏమీ తెలియక చెట్టుకి వెనకభాగం రుద్దుకుంటూ ఉంటుంది. ఇవన్నీ చెప్పాక, రెండో భాగంలో, ఉదాహరణకి బ్రూగెల్ ఇకారస్ అంటాడు. రైతుకి చప్పుడు వినిపించి ఉండొచ్చు, కేక వినిపించి ఉండొచ్చు, అతనికి అది పెద్ద వైఫల్యం కాదు. సూర్యుడు తన పని ప్రకారం ఆ తెల్లటి కాళ్ల మీద వెలిగాడు. ఖరీదైన, నాజూకైన ఆ ఓడ ఒక అద్భుతాన్ని చూసే ఉంటుంది, ఆకాశంలోంచి ఒక పిల్లవాడు పడడం. దానికి వేరే ఎక్కడికో వెళ్లాలి. ప్రశాంతంగా సాగిపోయింది.

ఆడెన్ ఏం మార్చాడో గమనించారా? బొమ్మలో రైతుకి తెలిసిందో లేదో మనకి తెలియదు. ఆడెన్ 'వినిపించి ఉండొచ్చు' అన్నాడు, ఓడ విషయంలో 'చూసే ఉంటుంది' అన్నాడు. తెలియకపోవడం నుంచి తెలిసీ ఆగకపోవడం దాకా చూపుని ఒక్క అడుగు జరిపాడు. 1938లో ఆ ఒక్క అడుగు చాలా పెద్దది. అప్పటి యూరప్‌కి తెలియకపోవడం అనేది లేదు, అందరికీ తెలుసు. అయినా ఎక్కడా గొంతు పెంచడు, ఎవర్నీ నిందించడు. ఆ నెమ్మదే చదివేవాణ్ణి కుదురుగా కూర్చోనివ్వదు. ఇంకో సంగతి కూడా ఉంది. 1939 జనవరిలో ఆడెన్ స్వయంగా ఓడెక్కి అమెరికా వెళ్లిపోయాడు. యుద్ధం ముందు దేశం వదిలేశాడని ఇంగ్లండ్‌లో ఆయన్ని చాలా మాటలన్నారు. ఆ కవితలోని ఓడని నేను ఎప్పుడు చదివినా ఆ ప్రయాణం గుర్తొస్తుంది. సాగిపోయేవాళ్లలో తనూ ఉన్నానని ఆయనకి తెలియకుండా ఉండదు.

విలియం కార్లోస్ విలియమ్స్ ఇదే బొమ్మ మీద రాశాడు. న్యూజెర్సీలో రూథర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో జీవితమంతా డాక్టరుగా పనిచేసిన కవి. బ్రూగెల్ బొమ్మల మీద రాసిన కవితల పుస్తకం 1962లో వచ్చింది, మరుసటి ఏడు ఆయన పోయాక దానికి పులిట్జర్ ఇచ్చారు. మూడేసి పాదాల ఏడు ముక్కలు. మళ్లీ 21 పాదాలే. కామాలు, ఫుల్‌స్టాప్‌లు ఏమీ లేవు. అప్పుడు వసంతం, రైతు దున్నుతున్నాడు, సంవత్సరమంతా ఒళ్లు జలదరించి మేలుకుంది. తీరం దగ్గర ఎవరూ గమనించని చిన్న చప్పుడు. అదే ఇకారస్ మునగడం. ఆడెన్ చేసినట్టు ఆలోచన ఏమీ చెప్పడు. రోజూ పుట్టేవాళ్లనీ పోయేవాళ్లనీ చూసిన డాక్టరు కేసు షీటు మీద రాసినట్టు రాశాడు. అందులో కరుణ లేదని కొందరు అనొచ్చు. ఒక చావుని అలంకారం లేకుండా, ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం కూడా కరుణే అని నేను అంటాను.

ఇదే బ్రసెల్స్ మ్యూజియంలో ఇంకో ఇకారస్ ఉన్నాడు, చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు. ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1636లో స్పెయిన్ రాజు వేట విడిది కోసం వేసిన చిన్న ఆయిల్ స్కెచ్. ఇక్కడ రైతు లేడు, ఓడ లేదు. గాల్లో తలకిందులవుతున్న కొడుకు, చూసి కొయ్యబారిపోతున్న తండ్రి. ఓవిడ్ కథలో తండ్రికి దక్కని ఆ క్షణాన్ని రూబెన్స్ ఇచ్చాడు. కొడుకు పడడం ఆయన చూశాడు. అది దయో శిక్షో నేను తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతిది హెర్బర్ట్ డ్రేపర్ 1898లో వేసిన 'ఇకారస్ కోసం విలాపం'. లండన్ టేట్‌లో ఉంది, 1900లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. రాతి మీద వాలిన అందమైన శరీరం, చుట్టూ జలకన్యలు. రెక్కలు చెక్కుచెదరలేదు! మైనం కరిగి పడినవాడికి అంత నిండు రెక్కలు ఎలా ఉంటాయి? ఇది అద్భుతంగా వేసిన బొమ్మే, కానీ నా మనసుకి పట్టదు. కల కూలిపోవడాన్ని ఇంత అందంగా చూపిస్తే బాధపడడం కూడా ఒక వినోదమైపోతుంది.

షాగల్ సంగతి పూర్తిగా వేరు. బెలారుస్‌లోని వీటెబ్స్క్‌లో పుట్టిన యూదు చిత్రకారుడు. దాదాపు తొంభై ఏళ్ల వయసులో, 1974 నుంచి 1977 మధ్య, 'ఇకారస్ పతనం' వేశాడు. పారిస్ పాంపిడూ సెంటర్‌లో ఉంది. కింద గ్రీసు లేదు, ఆయన చిన్ననాటి పల్లె ఉంది. ఆ పల్లె మొత్తం బయటికి వచ్చింది. ఇళ్ల ముందు, కప్పుల మీద, వీధి నిండా జనం. తలెత్తి చూస్తున్నవాళ్లు, చేతులు పైకెత్తినవాళ్లు. బ్రూగెల్‌కి నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇచ్చిన జవాబులా ఉంటుంది నాకు. తన పల్లెనీ తన జనాన్నీ ఆ శతాబ్దం తుడిచిపెట్టేయడం చూసిన మనిషి, ముసలితనంలో ఆ పల్లెని మళ్లీ నిలబెట్టి, పడుతున్న ఒక్క కుర్రాడి కోసం అందర్నీ బయటికి రప్పించాడు. ఈ బొమ్మ ముందు ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే నేను ఆశ్చర్యపోను.

ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ వేసిన ఇకారస్‌ని మీరంతా చూసే ఉంటారు, పోస్టర్ల మీద, టీషర్టుల మీద. నీలం మీద నల్లటి బొమ్మ, చుట్టూ పసుపు నక్షత్రాలు, గుండె దగ్గర ఎర్రటి చుక్క. 1947లో వచ్చిన 'జాజ్' పుస్తకంలోది. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక నిలబడి పెయింటింగ్ వేసే ఓపిక లేక, రంగు పూసిన కాగితాల్ని కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టాడు. యుద్ధ సంవత్సరాల్లో తయారైన బొమ్మ కాబట్టి ఆ పసుపు ముక్కలు నక్షత్రాలో, పేలుతున్న గుండ్లో అని అడిగినవాళ్లున్నారు. అతను పడుతున్నాడో నాట్యం చేస్తున్నాడో కూడా చెప్పలేం. ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు, మనం తప్ప.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వస్తున్నాను. అమెరికన్ కవయిత్రులు ఇద్దరు.

ఐరిష్ కవి యేట్స్ 1913లో 'పని వ్యర్థమైపోయిన ఒక స్నేహితురాలికి' అని ఓదార్పు కవిత రాశాడు. ఆన్ సెక్స్‌టన్ 1962లో దాన్ని తిరగేసింది, 'పని విజయం సాధించిన ఒక మిత్రుడికి' అని. ఆ విజేత పేరు ఇకారస్! 14 పాదాలు. ఆ జిగట రెక్కలు అతికించుకోవడాన్ని, భుజం దగ్గర ఆ వింత గుంజుడిని ఊహించమంటుంది. అతను చెట్ల మీదుగా పోతుంటే పిట్టలు నిర్ఘాంతపోతాయి. సూర్యుణ్ణి పొగుడుతూ కిందికి దూకుతాడు. చివరి పాదంలో తండ్రి. బుద్ధిమంతుడైన నాన్న నేరుగా ఊళ్లోకి వెళ్లిపోతాడు. ఆ మాటలో ఎంత చురక ఉందో! బతికి బయటపడినవాడి మీద మనకి ఒక్క క్షణం చులకన పుట్టిస్తుంది. అది అన్యాయమని నాకు తెలుసు. అయినా చదివినప్పుడల్లా కుర్రాడి పక్కనే నిలబడతాను.

మ్యూరియల్ రుకైజర్ 1973లో ప్రచురించిన 'ఇకారస్ కోసం ఎదురుచూస్తూ'లో ఎవరూ తలవని ఒక మనిషి మాట్లాడుతుంది. ఇకారస్ ప్రేమించిన అమ్మాయి. ఒడ్డున కూర్చుని అతను చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంది. తిరిగి వస్తానన్నాడు, ఇద్దరం కలిసి వైన్ తాగుదామన్నాడు. ఇక మీద అన్నీ బాగుంటాయన్నాడు. ఇక ఎప్పుడూ నాన్న ముందు ముడుచుకుపోనన్నాడు. పట్టీలు గట్టివన్నాడు, మైనం మేలురకందన్నాడు. ఇక్కడే ఉండు, ఏడవకు అన్నాడు. అతను 'అన్నాడు' అనే మాట ప్రతి పాదం మొదటా పడుతూ ఉంటుంది. ఆ తర్వాత గొంతు మారి, నాకు గుర్తుంది, నాకు గుర్తుంది అని వస్తుంది. చీకటి పడుతున్న ద్వీపాలు. నీ నుంచి తప్పించుకోవడానికే పోయాడు అని నవ్వే ఆడపిల్లలు. కొత్తవి కనిపెట్టేవాళ్లూ కవులూ పనికిమాలినవాళ్లు, వాళ్లని ప్రేమించే ఆడవాళ్లు ఇంకా పనికిమాలినవాళ్లు అని అమ్మ. చివర్లో ఆ అమ్మాయి అంటుంది: ఆ రెక్కలు నేనే కట్టుకుని చూస్తే బాగుండేది, దీనికంటే అది నయం.

పిల్లలూ, ఈ చివరి మాట ఎంత దూరం పోతుందో ఆలోచించండి. రెండు వేల ఏళ్లుగా మనం అతను ఎందుకు పడ్డాడు అని వాదించుకుంటున్నాం. ఆమెకి రెక్కలే ఇవ్వలేదు. పడడానికి కూడా అవకాశం కావాలి. కూలిపోయిన కలల లెక్కలో మొదలుకాని కలలు ఎక్కడా కనిపించవు. వాటికి బొమ్మ లేదు, ద్వీపం పేరు లేదు.

ఎడ్వర్డ్ ఫీల్డ్ అనే కవి ఇంకో దారిలో పోయాడు. అతని ఇకారస్ చచ్చిపోలేదు. ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చి, ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకుని, మిస్టర్ హిక్స్ అని పేరు మార్చుకుని, రోజూ రైల్లో ఆఫీసుకి పోతున్నాడు. రోజూ తన పనిగదిలో చిన్న రెక్కలు చేసుకుని, పైకప్పు దీపం దాకా ఎగరబోయి పడిపోతుంటాడు. మునిగిపోయినా బాగుండేదనుకుంటాడు. రైలు ప్లాట్‌ఫారం మీద మన పక్కన నిలబడ్డ మనిషి అతనే కావచ్చు.

అమెరికన్ కవి జాక్ గిల్బర్ట్ ఎనభై ఏళ్ల వయసులో, 2005లో ప్రచురించిన ఒక పుస్తకంలో, ఇకారస్ ఎగిరిన సంగతి అందరూ మర్చిపోతారు అంటాడు. విడిపోయిన పెళ్లిళ్ల గురించి ఇలాగే మాట్లాడతాం అంటాడు, అది మొదటి నుంచీ కుదరదని అందరికీ తెలుసు అని. అతని లెక్కలో ఇకారస్ పడుతున్నప్పుడు ఓడిపోవడం లేదు, తన విజయం చివరికి చేరుకున్నాడు. గ్రీకులకి ఈ సంగతి ముందే తెలుసనుకుంటా. వాళ్ల వైమానిక దళ అకాడమీని 'ఇకారస్‌ల పాఠశాల' అంటారు. క్షేమంగా దిగినవాడి పేరు వదిలేసి, పడినవాడి పేరే పైలట్లకి పెట్టుకున్నారు.

మనవాళ్లకి ఇదంతా వింటుంటే సంపాతి గుర్తొచ్చే ఉంటాడు. కిష్కింధకాండలో అన్నదమ్ములు సంపాతి, జటాయువు సూర్యుడి వైపు ఎగిరారు. తమ్ముడు సొమ్మసిల్లుతుంటే అన్న తన రెక్కలు అడ్డం పెట్టాడు. రెక్కలు కాలి వింధ్య మీద పడ్డాడు. రెండు కథలకీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. తేడా మాత్రం చెప్పాలి. డీడలస్ ముందు ఎగిరాడు, సంపాతి మధ్యలోకి వచ్చాడు. పైగా సంపాతి కథ పడడంతో ఆగలేదు. కొడుకు సుపార్శ్వుడు తిండి తెచ్చిపెడుతుంటే ఏళ్ల తరబడి బతికాడు. సీత జాడ దొరక్క ప్రాయోపవేశానికి కూర్చున్న వానరులు అతని కథంతా విన్నారు. కొండ మీద నుంచి దించమంటే దించారు. తామే ఓడిపోయామనుకుంటున్నవాళ్లు, ఎప్పుడో ఓడిపోయిన ముసలి పక్షి మాట విన్నారు. సీత ఎక్కడుందో ఆ పక్షే చెప్పింది. అప్పుడు రెక్కలు మొలిచాయి. ఇకారస్‌కి అలా వినేవాళ్లు దొరకడానికి కవుల దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి ప్రశ్న: మీరు చూసినవాళ్ల గురించే చెప్పారు. అసలు తప్పు తండ్రిది కాదా?

మంచి ప్రశ్న అడిగారమ్మా. బ్రూగెల్ బొమ్మ మళ్లీ పెడతారా? జాలరి దగ్గర కొమ్మ మీద ఒక పిట్ట ఉంది, చూడండి. కౌజు పిట్ట. దాని కథ ఓవిడ్‌లోనే ఉంది. డీడలస్ చెల్లెలు పన్నెండేళ్ల తన కొడుకుని విద్య నేర్పమని అన్న దగ్గరికి పంపింది. ఆ పిల్లవాడు చేప వెన్నుముల్లు చూసి రంపం కనిపెట్టాడు. వృత్తాలు గీసే కంపాస్ కనిపెట్టాడు. మేనమామకి అసూయ పుట్టింది. ఎథీనా దేవి కొండకోట మీద నుంచి మేనల్లుణ్ణి తోసేసి, తనే పడిపోయాడని అబద్ధం చెప్పాడు. దేవత గాల్లోనే పట్టుకుని పక్షిగా మార్చింది. ఆ పాత పతనం గుర్తుండి ఆ పిట్ట ఎత్తుకి ఎగరదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. డీడలస్ కొడుకుని పూడుస్తుంటే ఆ పిట్ట రెక్కలు కొట్టి సంతోషించిందని ఓవిడ్ రాశాడు.

తండ్రిది తప్పని ఓవిడ్ ఎక్కడా అనడు. ఆ పిట్టని సమాధి పక్కన పెట్టి ఊరుకున్నాడు. నాకైతే ఆయన మీద జాలీ ఉంది, కోపమూ ఉంది. ఒక పిల్లవాడి ప్రతిభని చూసి ఓర్వలేకపోయినవాడు తన పిల్లవాడి కోసం రెక్కలు చేశాడు, చేతులు వణుకుతూ చేశాడు. ఆ రెంట్లో ఒకదాన్ని వదులుకుని జవాబు చెప్పమంటే నావల్ల కాదు. ఇక్కడ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మేనల్లుడి వైపు నుంచి ఎవరైనా రాయండి, ముందు నేనే చదువుతాను.